నోరు మూసుకున్న మొసలి

"కుళ్లాయప్పా! ఒరే కుళ్లాయప్పా! యాడుండావురా? బయటికొచ్చి ఈ చిలకని చూడు!"

లక్ష్మక్క కేక వీధి చివరి దాకా వినిపించింది. దండెం మీద ఆరవేసిన తోలుబొమ్మ ముందు ఆమె నడుం మీద చేయి పెట్టుకుని నిలబడి ఉంది. తెర మీద రాజకుమారి భుజాన వాలవలసిన చిలుక అది. ఒళ్లంతా ఎర్రగా, ముక్కు మాత్రం ఆకుపచ్చగా, పొద్దుటి ఎండలో నిగనిగలాడుతోంది. తోలు మీద ఒకసారి పడిన రంగు మళ్లీ పోదు. ఎంత కడిగినా ఎంత గీకినా లోపలికి దిగిన రంగు దిగినట్టే ఉంటుంది.

కుళ్లాయప్ప చేతిలో ఉలితోనే బయటికి వచ్చాడు. అతను ముందు చిలుకను చూడలేదు. లక్ష్మక్క ముఖాన్ని చూశాడు. ఏదో తప్పు జరిగిందని ఆ ముఖంలోనే చదువుకున్నాడు.

"ఏమైందవ్వా? బాగలేదా?"

"బాగుండేదానికేముంది! పచ్చ చిలకకి ఎర్ర ముక్కు ఉంటాదని పుట్టిన పిల్లోళ్లకి గూడా తెలుసు. నువ్వు ఒంటికి ఎరుపు పూసి, ముక్కుకి పచ్చ పూసినావు గదరా!"

ఇరుగుపొరుగు ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చారు. కుళ్లాయప్ప నవ్వేశాడు.

"అది మామూలు చిలక గాదవ్వా. మిరపకాయ తినిన చిలక. కారం నెత్తికెక్కి ఒళ్లంతా ఎర్రబడింది. ముక్కుకి ఇంకా తొడిమ అతుక్కునే ఉండాది, అందుకే ఆడ మాత్రం పచ్చ. పిల్లోళ్ల ఆటలో నవ్వుకుంటారని ఏసినా."

వీధి వీధంతా గొల్లుమంది. "తొడిమంట!" అని లక్ష్మక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరుగు మీద కూర్చున్న కదిరప్ప అయ్యోరు కూడా నవ్వాడు. అయితే అందరూ నవ్వడం అయిపోయాక, కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

కదిరప్ప అయ్యోరు ఆ చుట్టుపక్కల తోలుబొమ్మలాటకు పెద్ద దిక్కు. మేకతోలును అద్దంలా పలచన చేసి, దాని మీద మనుషులనూ జంతువులనూ గీసి, ఉలితో సన్నని చిల్లులు కొట్టి, రంగులు వేసి, వెనక దీపం పెట్టి తెర మీద ఆడించేవాడు. లక్ష్మక్క ఆయన భార్య; రంగులు కలపడం, తెర వెనక పాట అందుకోవడం ఆమె పని. కుళ్లాయప్ప ఆయన శిష్యుడు. మీసాలు రాకముందు వచ్చి ఆ ఇంట్లో చేరాడు. ఇప్పుడు పెళ్లి మాటలు నడుస్తున్న వయసు. అతని ఉలి కిందనుంచి వచ్చిన హంస రెక్క చూస్తే గాలి వీచినట్టుండేది. అయ్యోరు పొగడటం తక్కువ. ఏదైనా పని మరీ నచ్చితే ఆ తోలును తన చెంపకు ఆనించుకుని చూసేవాడు, అంతే.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా నోటితో జవాబు చెప్పడు. "చూద్దాం పా" అంటాడు. ఆ మాటకు కొందరు రేపు చూద్దామని అర్థం చేసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఉన్నవాళ్లకు మాత్రం ఆయన నిజంగానే ఏదో ఒకటి చూపించేవాడు.

కుళ్లాయప్ప నవ్వుతో కప్పేసిన సంగతి ఇది: అతని కంటికి ఎరుపూ పచ్చా ఒక్కటే. పండిన మిరపా, పండని మిరపా అతనికి ఒకే చెట్టు మీద ఒకే రంగులో వేలాడేవి. సాయంత్రం పూట ఆకాశం ఎర్రబడిందని అందరూ తలెత్తి మురిసిపోతుంటే, అతనికి ఆ పడమర ఎండిన జామాకులు పరిచినట్టుగా కనిపించేది. అదీ అందంగానే ఉండేది. కానీ అందరి అందం అది కాదని చిన్నప్పుడే తెలిసిపోయింది, తెలిసిన రోజునుంచీ నోరు మూసుకున్నాడు. లోకం ఆ ఒక్క రంగుకు ఎరుపనీ పచ్చనీ రెండు పేర్లు ఎందుకు పెట్టుకుందో అతనికి ఎంతకీ అర్థమయ్యేది కాదు.

ఇన్నేళ్లూ రంగులు అయ్యోరే వేసేవాడు కాబట్టి గడిచిపోయింది. ఈ ఏడు ఆయన కళ్లలో పొర కమ్మింది. కుంచె కుళ్లాయప్ప చేతికి వచ్చింది. లక్ష్మక్క రోజూ టెంకాయ చిప్పల్లో రంగులు కలిపి వరసగా పెట్టేది: ఎడమ పక్కన ఎరుపు, నడుమ పచ్చ, కుడి పక్కన నలుపు. అతను ఆ వరసను నమ్ముకుని బతికాడు. అనుమానం వచ్చినప్పుడు, "ఈపొద్దు ఎరుపు కొంచెం చిక్కబడిందే అవ్వా" అని ఒక చిప్ప చూపించేవాడు. తప్పయితే ఆమే, "అది పచ్చ గదరా, నిద్ర మొఖమోడా" అని తిట్టేది. ఆ తిట్టు వింటే అతనికి ప్రాణం లేచొచ్చేది. చిలుకకు రంగు వేసిన రోజున మాత్రం పిల్లి వచ్చి చిప్పలను దొర్లించింది. ఆమె మళ్లీ కలిపి, తొందరలో తారుమారుగా పెట్టింది. అతను అడగలేదు.

సరిగ్గా ఆ వారంలోనే జీపులో ఒకాయన వచ్చాడు. జలాశయం పక్కన కొత్తగా మొసళ్ల పార్కు పెట్టారట. బడిపిల్లలు వస్తారు, వాళ్లకు తోలుబొమ్మలాట వేయాలట. కథలో రెండు జంతువులు ఉండాలి. ఒకటి మన ఏటిలో ఉండే మొసలి, రెండోది సముద్రాల అవతలనుంచి తెచ్చిన ఎలిగేటరు. "పిల్లలు రెంటినీ మొసలే అంటున్నారండీ. తేడా తెలిసేట్టు చేసి పెట్టండి" అని ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

"కోసేది నువ్వే, రంగులేసేదీ నువ్వే" అన్నాడు అయ్యోరు శిష్యుడితో. "నా కండ్లతో అయ్యే పని గాదు. ఈ ఆట నీదిరా అబ్బీ. బాగుంటే ఆటసామాను పెట్టె నీ చేతికిస్తా. నువ్వే ఆడించుకో."

ఆటసామాను పెట్టె అంటే బొమ్మలన్నీ ఉన్న పెట్టె. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే అయ్యోరు. ఆ మాట కోసం ఏ శిష్యుడైనా ఎదురుచూస్తాడు. కుళ్లాయప్పకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు. తేడా తెలిసేట్టు చేయాలట, తేడా తెలియని కళ్లతో! చిలుక అంటే మిరపకాయ కథ నడిచింది. పార్కువాళ్ల ముందు, బడిపిల్లల ముందు తప్పు జరిగితే అయ్యోరి పేరు పోతుంది. అతని బావ బెంగళూరులో రాళ్లు నునుపు చేసే పనిలో ఉన్నాడు. రాయికి రంగుతో పని లేదు. రెండు చొక్కాలు ఒక గుడ్డసంచిలో పెట్టి మంచం కింద తోశాడు. చెప్పి వెళ్లే ధైర్యం లేదు, చెప్పకుండా వెళ్లే మనసూ లేదు. ఆ రెంటి మధ్యా వచ్చి గురువు పక్కన కూర్చున్నాడు.

"అయ్యోరూ, మొసలీ ఎలిగేటరూ రెండూ ఒకే మాదిరి ఉంటాయంట. మన నోట్లో రెంటికీ ఒకటే మాట. ఏది ఏదో తెలుసుకునేదెట్ల?"

ఆయన ఆ ప్రశ్న అడుగున ఇంకో ప్రశ్న ఉన్నట్టు విన్నాడేమో తెలియదు.

"చూద్దాం పా" అన్నాడు.

మరునాడే ఇద్దరూ పార్కుకు బయలుదేరారు. కుళ్లాయప్ప గుడ్డసంచి భుజాన వేసుకున్నాడు. "ఆ సంచి యాలరా?" అని లక్ష్మక్క అడిగితే, "బొమ్మలు గీసుకునేదానికి కాగితాలు అవ్వా" అన్నాడు. ఆమె దాంట్లోకి రెండు జొన్నరొట్టెలు కుక్కింది. చొక్కాలు ఆమె చేతికి తగిలే ఉంటాయి.

పార్కులో రెండు గోతులు ఉన్నాయి. ఒక్కొక్క గోతిలో కొంచెం నీళ్లు, కొంచెం ఇసుక, ఇసుక మీద కొట్టుకొచ్చిన దుంగలా ఒక్కొక్క జంతువు. ఏది ఏదో చెప్పే బోర్డులను రంగు వేయడానికని పీకి, గోడకు బోర్లించి పెట్టారు. కాపలాదారు మహబూబ్ బాషా నీళ్ల పైపు పట్టుకుని వచ్చాడు. బొమ్మలాట అయ్యోరు వచ్చాడని తెలిసి, రుమాలుతో బెంచీ దులిపి కూర్చోబెట్టాడు.

"బోర్డులు లేవు సామీ. రెండు దినాలుగా నాకు మంచి కాలక్షేపం. వచ్చినోళ్లందరినీ ఏది ఏదో చెప్పమని అడుగుతుండా" అన్నాడు నవ్వుతూ.

పక్కనే ఒక జంట గోతిలోకి వంగి చూస్తున్నారు. భర్త గట్టిగా వాదిస్తున్నాడు. "అదిగో, ఆ నల్లగుండేదే ఎలిగేటరు. ఈ పచ్చ మట్టి రంగుది మన మొసలి. కండ్లుంటే చాలు, తెలిసిపోతాది."

"మీకు మహా కండ్లుండాయి. పెళ్లిచూపుల్లో నన్నొదిలి మా చెల్లెల్ని చూసి సరే అన్నోరు మీరే గదా" అంది భార్య.

బాషా పగలబడి నవ్వి, పైపు తిప్పాడు. రెండు గోతుల్లోనూ నీళ్లు చిమ్మాయి. ఎండిన బురద కరిగి జారింది. రెండు వీపులూ తడిసి ఒకే రకంగా నిగనిగలాడాయి. భర్త నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

"రంగు నమ్ముకున్నోళ్లు ఈడ రోజూ ఓడిపోతారు సార్" అన్నాడు బాషా. "ఎండ పడితే ఒక రంగు, నీళ్లు పడితే ఇంకో రంగు, పాచి పడితే మూడో రంగు. నేనైతే రంగు జోలికే పోను."

ఆ మాట కుళ్లాయప్ప చెవిలో పడింది. ఎవరో అతని భుజం మీదనుంచి నీళ్లకావడి దించినట్టు అనిపించింది. రంగు జోలికే పోను! ఇలా అంత తేలిగ్గా, నవ్వుతూ, పదిమందిలో అనగలిగే మాటా అది? అతను ఊచలకు నుదురు ఆనించి గోతిలోకి చూశాడు. రంగును వదిలేసి గీతను చూడటం మొదలుపెట్టాడు. అది అతనికి చిన్ననాటినుంచీ వచ్చిన విద్య. ఒకదానిది కొంచెం సన్నగా సాగిన మూతి, రెండోదానిది గుండ్రని పార లాంటి మూతి అనిపించింది. కానీ ఆ సన్నని మూతి కూడా వెడల్పుగానే ఉంది, ఖాయంగా చెప్పడానికి వీల్లేదు. పైగా రెండూ నోళ్లు బార్లా తెరుచుకుని ఉన్నాయి. నోటి నిండా పళ్లు, పళ్ల మధ్య ఎండ.

"అట్ల నోరు తెరుచుకునే ఉంటాయేం బాషా?" అని అడిగాడు అయ్యోరు.

"ఒంట్లో వేడి పోయేదానికి సామీ. నోరు తెరుచుకున్నంతసేపూ రెండూ ఒకటే. దేవుడు దిగొచ్చినా తేడా చెప్పలేడు. మూసుకున్నప్పుడు చూడల్ల."

ఇంక వాళ్లు చేసిన పని కాచుకోవడం. జంట వెళ్లిపోయారు. బాషా వేరే గోతులకు నీళ్లు పట్టడానికి వెళ్లి వచ్చాడు. గురుశిష్యులు జొన్నరొట్టె తుంచుకుని తిన్నారు. రొట్టె తీసేటప్పుడు సంచిలోంచి చొక్కా చెయ్యి ఒకటి బయటికి జారింది. కుళ్లాయప్ప గబగబా లోపలికి తోశాడు. అయ్యోరు గోతి వైపే చూస్తున్నాడు. ఆ కళ్లకు ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో.

చివరికి ఒక మబ్బు వచ్చి సూర్యుణ్ణి కప్పింది. జలాశయం మీదనుంచి చల్లగాలి తగిలింది. ఇసుక మీది రెండు నోళ్లూ ఏమీ తొందర లేనట్టు, పాత తలుపులు మూసినట్టు, మెల్లగా మూతపడ్డాయి.

"అయ్యోరూ! పన్ను!" అని కుళ్లాయప్ప అరిచాడు.

పుల్ల ఒకటి తీసుకుని అక్కడే మట్టిలో కూర్చున్నాడు. చూపు గోతి మీదనే ఉంచి, చేతిని దాని పాటికి వదిలేశాడు. రెండు తలలు గీశాడు, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటాయో అలా. ఒకదానికి పై దవడ కింది దవడను పూర్తిగా కప్పేసింది. కింది పళ్లన్నీ లోపలే దాగిపోయాయి. పైపళ్ల అంచు మాత్రం వరసగా కనిపిస్తోంది. రెండోదానికి మాత్రం ముందు వైపున కింది దవడ పన్ను ఒకటి, లావుపాటిది, పై పెదవి గాడిలోనుంచి బయటికి పొడుచుకుని నిలబడింది. నోరు గట్టిగా మూసి ఉంది. పన్ను బయటే ఉంది.

"భలే! పన్ను బయటుండేది మన మొసలి, లోపలుండేది ఎలిగేటరు" అన్నాడు బాషా. "నేను చెప్పకముందే పట్టేసినాడు సామీ మీ శిష్యుడు. పొద్దన్నుంచీ ఒక్కరు చెప్పలేదు!"

అయ్యోరు బెంచీ దిగి వచ్చి ఆ గీతల ముందు చతికిలబడ్డాడు. కళ్లు చికిలించి చూసి లాభం లేక, వేలు గీతల గాడిలో పెట్టి నడిపించాడు. మూతి మీదుగా, ముక్కు మీదుగా, పెదవి అంచు వెంట వచ్చి, ఆ వేలు పన్ను దగ్గర ఆగింది. ఆగి అక్కడే ఉండిపోయింది.

"బాషా, పన్ను బయట ఉండాదని దానికి తెలుసంటావా?"

"యాడ సామీ! నోరు మూసుకున్నా గదా, ఇంకెవరికి కనపడతాదిలే అనుకుంటాది పాపం!"

బాషా మళ్లీ నవ్వాడు. అయ్యోరు నవ్వలేదు, ఇటు తిరగనూ లేదు. కుళ్లాయప్ప చేయి మాత్రం తనకు తెలియకుండానే తన పెదవి మీదికి వెళ్లింది.

తిరుగు ప్రయాణంలో బస్టాండు చేరేసరికి పొద్దు వాలుతోంది. పడమర ఆకాశం ఆ రోజు చాలా ఎర్రగా ఉందని అక్కడివాళ్లు అనుకుంటున్నారు. కుళ్లాయప్పకు ఆ ఆకాశం నిండా జామాకులే. ప్లాట్‌ఫారం అవతల రెండు బస్సులు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు టీకి వెళ్లారు. ఏ ఊరిదో చెప్పే బోర్డులు ఇంకా అద్దాల వెనక పెట్టలేదు.

"అడిగినావు గదరా నిన్న. జవాబు దొరికిందా?" అన్నాడు అయ్యోరు సిమెంటు దిమ్మె మీద కూర్చుంటూ.

"మొసళ్లకైతే దొరికింది అయ్యోరూ."

"ఊఁ. సరే, పోయి సీటు పట్టు. పచ్చ బస్సు మన ఊరిది. ఎర్ర బస్సు బెంగళూరు పోతాదంట, ఇప్పుడే ఎవరో అనుకుంటుండిరి. జాగర్త, దాంట్లో ఎక్కేవు. నేను మెల్లగా వస్తా."

కుళ్లాయప్ప సంచి భుజాన వేసుకుని నడిచాడు. రెండు బస్సుల మధ్య సందులో వచ్చి నిలబడ్డాడు. కుడి పక్కనా ఎడమ పక్కనా ఒకే రంగు గోడలు. ఒకటి ఇంటికి పోతుంది, ఒకటి ఇంక ఎప్పటికీ తిరిగి రాలేని చోటికి. ఏది ఏదో తెలియదు. కళ్లు మూసుకుని ఎక్కేస్తే పోయేది, ఎటు పోతే అటు! గురువు ముఖం చూసి చెప్పే పని ఉండదు. లేదంటే ఎవరినైనా అడగొచ్చు. అక్కడే శెనక్కాయలు అమ్మే ఆమె గంప ముందు కూర్చుని ఉంది. "ఈ ఎరుపు భలే మెరుస్తుండాదే అక్కా" అని ఒక బస్సు చూపిస్తే చాలు, ఆమే సరిదిద్దేస్తుంది. ఇన్నేళ్లూ అలాగే బతికాడు. మాట నోటిదాకా వచ్చింది కూడా.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. దిమ్మె మీద ముసలాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పొరలు కమ్మిన కళ్లతో ఇటువైపే, కానీ సరిగ్గా ఇటు కాకుండా కొంచెం పక్కకు, చూస్తూ కూర్చున్నాడు. పోయినా ఆయనకు కనపడదు. ఆ సంగతి కుళ్లాయప్పకు కత్తిలా గుచ్చుకుంది. పొద్దుట గోతిలో నోరు మూసుకుని, తనను ఎవరూ చూడలేదనుకుంటూ పడుకున్న ఆ పిచ్చి జంతువు గుర్తొచ్చింది. దాని మీద జాలేసింది. ఎందుకో కళ్లు చెమర్చాయి.

వెనక్కి వచ్చాడు. దిమ్మె ముందు నిలబడ్డాడు.

"సీటు దొరికిందా?" అన్నాడు అయ్యోరు.

"ఎక్కలేదు అయ్యోరూ."

"ఏమిరా?"

"పచ్చ బస్సు ఏదో నాకు తెలీలేదు." ఆపితే మళ్లీ చెప్పలేనేమో అని గబగబా చెప్పేశాడు. "ఇప్పుడు గాదు, ఎప్పుడూ తెలీదు. ఎరుపూ పచ్చా నా కంటికి ఒకటే. పుట్టినప్పటినుంచీ అంతే. అవ్వ చిప్పలు వరసగా పెడితే, ఆ వరస చూసి ఏస్తుండా. సంచిలో ఉండేది కాగితాలు గాదు, చొక్కాలు. బెంగళూరు పోదామనుకున్నా. ఆ చిలక... ఆ చిలక మిరపకాయ తినలేదు అయ్యోరూ."

బస్టాండు గోల అంతా ఒక్క క్షణం ఆగినట్టయింది. ఆగలేదు; పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు, శెనక్కాయల ఆమె పిలుస్తూనే ఉంది. కానీ కుళ్లాయప్పకు ఒళ్లంతా తేలికైపోయింది. ఎండలో అంతసేపు పడి ఉన్న జంతువుకు చల్లగాలి తగిలినట్టు, అతని ఛాతీలోంచి ఎప్పటిదో వేడి అంతా బయటికి పోయింది. ఇంక తిట్టినా పర్వాలేదు. కొట్టినా పర్వాలేదు.

అయ్యోరి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమోనని కుళ్లాయప్ప భయపడి వంగి చూశాడు. ఆయన నవ్వుతున్నాడు.

"నాకూ ఆ రెండు బస్సులూ పొగ మాదిరే ఉండాయిరా! ఏది ఎరుపో, ఏది పచ్చో, నా తాత దిగొచ్చినా చెప్పలేను. అందుకే గదా నిన్ను పంపినా!"

చేయి పట్టుకుని ఇద్దరూ శెనక్కాయల గంప దగ్గరికి వెళ్లారు. "అమ్మా, దీంట్లో పచ్చ బస్సు ఏది?" అని అయ్యోరే గట్టిగా, పదిమందికీ వినిపించేలా అడిగాడు. "ఏమయ్యా, ఇద్దరుండారు, ఇద్దరికీ కండ్లు లేవా!" అని ఆమె ఎడమ పక్కది చూపించి, జాలిపడి చెరో గుప్పెడు కాయలు పోసింది.

బస్సు కదిలాక కుళ్లాయప్ప శెనక్కాయలు ఒలిచి, పప్పు గురువు చేతిలో పోశాడు. అప్పుడు అడిగాడు.

"మరి ఆట ఎట్ల అయ్యోరూ? రంగులు?"

"మీ అవ్వ చేయి ఊరికే ఉండాది గదా. రంగులు అది ఏస్తాది. ఏయించుకో. పొద్దున నువ్వు మట్టిలో గీసిన పన్ను, అంత లావుదే కొయ్యి. సన్నం చేసేవు. పెట్టె నీకే ఇస్తానంటి, మాట మార్చినానా?"

"ఇన్నేండ్లు మీతో అబద్ధమాడితి. కోపం రాలేదా?" కొంచెం ఆగి మళ్లీ అన్నాడు. "మీ కాడ నేర్చుకునినోళ్లందరూ ఒకటి, నేనొకటి గదా అయ్యోరూ."

ఆయన ఆ జవాబును కూడా రేపటికి పెడతాడనే అనుకున్నాడు. బయట ఆకాశంలో ఆఖరి వెలుతురు ఉంది. అది ఏ రంగో బస్సులో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అయ్యోరు పప్పు నములుతూ, కిటికీ వైపు తిరిగి అన్నాడు:

"నోరు తెరిచినావు గదరా అబ్బీ. ఇంకేం తేడా?"